సముద్రగర్భ సందర్శకుడు విలియం బీబీ

గాజుగ్లాసును బోర్లించి నిలువుగా నీళ్ళతొట్టిలో ముంచి, దానిలో ఇమిడ్చిన కాగితపు ముక్క తడవలేదని చూపి, గాలి స్థలాన్ని ఆక్రమిస్తుందని పిల్లలకు బోధించడం ఏ పాఠశాలలోనైనా జరిగే పనే. ఆ గ్లాసునే తలమీద బోర్లించుకొని సముద్రంలోనికి నడచిపోయిన ఒక పక్షిశాస్త్రజ్ఞుడు ఉన్నాడు. అతని పేరు విలియం బీబీ. ఈనాడు వీపున గాలిసీసా కట్టుకొని, కాళ్ళకు రబ్బరు రెక్కలు తొడుగుకొని, స్నేహితుని వెంటబెట్టుకొని పగడపు దిబ్బలు చూచి సాయంకాలానికి ఇల్లు చేరే యాత్రికులు లోకమంతటా ఉన్నారు. ఆ గాలిసీసా యంత్రాన్ని 1943లో ఫ్రెంచివారు కూస్టో, గాన్యాన్ నిర్మించినారు. దానికి పదునెనిమిది సంవత్సరాలకు ముందే, నలుబది యేడేండ్ల వయస్సులో, బీబీ మొదటిసారి నీటి అడుగున ఊపిరి పీల్చినాడు.

ఆయన శిరస్త్రాణం చూడడానికి చాల మోటు వస్తువు. రాగితో చేసిన పెద్ద బిందెను బోర్లించి, ముందువైపు రెండు గాజు కిటికీలు అమర్చినట్లు ఉండేది. భుజాలమీద ఆని నిలిచేది. బయట దాని బరువు సుమారు 60 పౌనులు. మోసేవానికి మెడ విరుగుతుందా అనిపించేది కాని, నీటిలో దిగగానే ఆ బరువు చాలవరకు తేలిపోయేది. పైన పడవలో ఒకరు చేతిపంపు కొడుతూంటే రబ్బరు గొట్టం గుండా గాలి శిరస్త్రాణంలోనికి దిగేది. మిగిలిన గాలి అంచుల క్రిందనుండి బుడగలై పైకి పోయేది.

తొట్టిలోని గ్లాసుకు లేని పంపు ఈ శిరస్త్రాణానికి ఎందుకని విద్యార్థి అడుగవచ్చును. లోతుకు పోయినకొలది నీటి ఒత్తిడి హెచ్చుతుంది. ప్రతి 33 అడుగులకు ఒక వాయుమండలపు ఒత్తిడి చేరుతుంది. గ్లాసును 33 అడుగుల లోతుకు దింపితే లోపలి గాలి సగానికి సగం కుంచించుకొని, నీరు నడిమివరకు ఎక్కుతుంది. పంపు ఆ లోటును పూడుస్తూ, నీటిని గడ్డం దగ్గరే ఆపుతుంది. అంటే క్రిందివాని ప్రాణం పైన పంపు కొట్టే స్నేహితుని చేతులలో ఉన్నదన్నమాట. ముందుకు మరీ వంగినా, తల వాల్చినా నీరు లోపలికి దూకుతుంది. ప్రమాదం వచ్చినప్పుడు మాత్రం ఒక సౌకర్యం: శిరస్త్రాణాన్ని ఏ మరలతోను బిగించలేదు కాబట్టి, దానిని ఎత్తి పారవేసి, ఊపిరి వదులుతూ పైకి ఈదిపోవచ్చును.

బీబీ 1877 జూలై 29వ తేదీన న్యూయార్కు నగరంలోని బ్రూక్లినులో జన్మించినాడు. న్యూజెర్సీలోని ఈస్ట్ ఆరెంజిలో పెరిగినాడు. బాల్యం నుండి పక్షులన్నా పురుగులన్నా ప్రాణం. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివినాడు కాని పట్టం పుచ్చుకోకుండానే, 1899లో, కొత్తగా తెరచిన న్యూయార్కు జంతుప్రదర్శనశాలలో పక్షుల విభాగంలో ఉద్యోగానికి కుదిరినాడు. పట్టం లేని లోటు తరువాత ఆయనను వదలలేదు. పేరు పెరిగినకొలది, పుస్తకాలు అమ్ముడుపోయినకొలది, ఇతడు శాస్త్రజ్ఞుడా కథకుడా అని సణిగే పండితులు కూడా పెరిగినారు. ఆ సణుగుడు ఎక్కడికి దారితీసినదో ముందు తెలుస్తుంది.

1909 చివర భార్య మేరీ బ్లెయిరుతో కలిసి ఆయన నెమలిజాతి పక్షులను వెదకడానికి ఆసియా ఖండానికి బయలుదేరినాడు. సుమారు పదునేడు నెలల ప్రయాణం. సింహళంలో అడవికోళ్ళను చూచినాడు. కలకత్తా మీదుగా డార్జిలింగు చేరి హిమాలయ పార్శ్వాలలో తిరిగినాడు. బర్మా, బోర్నియో, చీనా దేశాల అడవులు గాలించినాడు. మన పెరటిలో గింజలేరుకొనే కోడి పూర్వీకులు ఆ అడవులలో ఎట్లు తిరిగేవో, ఎట్లు కూసేవో స్వయంగా చూచి వ్రాసినాడు. ఆ యాత్ర ఫలం నాలుగు మహాసంపుటాలుగా 1918 నుండి 1922 వరకు వెలువడినది. ఆ నడుమ 1913లో భార్య ఆయనతో వివాహబంధం తెంచుకొన్నది. అడవులలో ఆయనతో సమానంగా కష్టపడిన మనిషి ఆమె. ఆ దెబ్బనుండి కోలుకోవడానికి ఆయనకు చాలకాలం పట్టినది. 1916 మొదలు బ్రిటిషు గయానా అడవులలో పరిశోధనశాల నెలకొల్పుకొని, దూరదూరాలు తిరగడం మాని, ఒక చిన్న చదరపు నేలలో ఎన్ని ప్రాణులున్నవో లెక్కించే పద్ధతి అలవరచుకొన్నాడు. పగడపు దిబ్బలమీద ఆయనకు తరువాత అక్కరకు వచ్చిన విద్య ఇదే.

1925లో ఆర్క్టూరస్ అనే ఓడలో గలాపగోస్ దీవులకు పోయినప్పుడు మొదటిసారి శిరస్త్రాణం ధరించి నీటిలో దిగినాడు. అంతవరకు సముద్రజీవులను గురించిన జ్ఞానమంతా వలలనుండి వచ్చినది. వలలో పడి ఓడమీదికి వచ్చిన చేప చచ్చిన చేప. దాని రంగు వెలిసిపోయి, కండ్లు తేలిపోయి, సారాయి సీసాలో నిలువ ఉంటుంది. అది ఎవరితో కలిసి తిరుగుతుందో, ఎవరిని చూచి దాగుకొంటుందో, ఏమి తింటుందో సీసా చెప్పదు. బీబీకి తట్టిన ఊహ చాల సామాన్యమైనది: పక్షిని తెలిసికోవాలంటే చెట్టుక్రింద నిలబడినట్లే, చేపను తెలిసికోవాలంటే దాని ఊరికి పోవాలి.

1927 తొలి నెలలలో ఆయన హెయిటీ దీవికి పోయినాడు. లెఫ్టినెంట్ అనే తెరచాప ఓడను పోర్ట్-ఓ-ప్రిన్స్ అఖాతంలో లంగరు వేయించి, దానినే ఇల్లుగా, ప్రయోగశాలగా చేసికొన్నాడు. ఆ దినాలలో ఆయన ముఖ్యసహచరుడు జాన్ టీ-వాన్. ఇతని కథ కూడ తెలిసికోదగినది. 1911లో జంతుప్రదర్శనశాలలో పక్షులకు మేత వేసే కుర్రవానిగా చేరినవాడు. బీబీ కన్ను అతని నైపుణ్యంమీద పడి సహాయకునిగా తీసికొన్నాడు. చివరకు ఆ ప్రదర్శనశాలకే సర్వాధికారి అయినాడు. అతని భార్య హెలెన్ చిత్రకారిణి. వీరితోబాటు ఫ్లాయిడ్ క్రాస్బీ అనే యువకుడు నీటి అడుగున చలనచిత్రం తీసే పనికి వచ్చినాడు.

ప్రొద్దుటే చిన్న పడవ దిబ్బమీదికి పోయేది. పడవనుండి నిచ్చెన ఒకటి నీటిలోనికి దింపేవారు. అడుగుభాగం గాజుతో చేసిన బాల్చీని నీటిమీద ఆనించి లోపలికి చూచి, దిగదగిన చోటు ఎంచుకొనేవారు. ఒకరు దిగితే ఒకరు పంపు దగ్గర. దిగేవాని దుస్తులు ఈతబట్టలు, కాళ్ళకు రబ్బరు అడుగు బూట్లు, అంతే. నిచ్చెన మెట్లు దిగుతూ భుజాలవరకు నీరు వచ్చిన తరువాత శిరస్త్రాణం పెట్టించుకొని, చెవులు బిగుసుకొన్నప్పుడల్లా గుటక మ్రింగుతూ, మెట్టు మెట్టుగా ఇసుకమీదికి దిగేవాడు. ఈ పద్ధతిలో దిగడానికి 60 అడుగులు ఇంచుమించు హద్దు. పగడపు దిబ్బను చూడడానికి అంతకంటె అవసరం లేదు. దిబ్బలోని జనసందోహమంతా సూర్యకాంతి పుష్కలంగా అందే పైభాగంలోనే ఉంటుంది.

ఆ కారణం చెప్పవలసి ఉన్నది. మన స్త్రీలు నల్లపూసల నడుమ కూర్చుకొనే పగడం వేరు, దిబ్బలు కట్టే పగడం వేరు. నగల పగడం చీకటి లోతులలో మెల్లగా ఎదిగే ఎర్రని జాతి. దిబ్బలు కట్టే పగడపు పురుగు ఆవగింజ మొదలు చిన్నవ్రేలి గోరంత ఉంటుంది. దాని కండలో సూక్ష్మమైన పాచి కణాలు కాపురముంటాయి. అవి ఎండలో ఆహారం వండి పురుగుకు పెడతాయి. పురుగు వాటికి నీడ ఇస్తుంది. ఆ తిండి బలంతో పురుగు తన చుట్టూ సున్నపు గూడు కట్టుకొంటుంది. లక్షల పురుగులు తరతరాలుగా కట్టిన గూళ్ళే దిబ్బ. వెలుతురు అందని చోట పాచి వండలేదు, పురుగు కట్టలేదు. నీరు చల్లబడినా పని సాగదు. అందుచేతనే దిబ్బలు ఉష్ణమండల సముద్రాలలో కనిపిస్తాయి.

హెయిటీ దిబ్బలో బీబీ చూచిన లోకం అటువంటిది. ఏనుగు వీపంత మెదడు పగడాలు, వాటిపై మడతలు నిజంగా మెదడు మడతలవలెనే ఉంటాయి. దుప్పికొమ్ముల ఆకారంలో చేతులు చాచిన పగడాలు కెరటం విరిగే చోట గుంపులు గుంపులుగా నిలిచి, చిన్న చేపలకు తోపులై ఉండేవి. ఊదారంగు సముద్రపు విసనకర్రలు కెరటం వచ్చినప్పుడు అటు, పోయినప్పుడు ఇటు ఒరిగేవి. ముక్కువంటి పండ్లతో చిలుకచేపలు పగడాన్ని కొరికి నమిలి, పాచిని జీర్ణించుకొని, మిగిలిన సున్నాన్ని ఇసుకగా విసర్జించేవి. తాను నిలబడిన తెల్లని ఇసుకలో చాలభాగం ఈ చేపల కడుపునుండి వచ్చినదే. చెవి దగ్గర గాలి చప్పుడు, అడుగున ఆ నమలడం చప్పుడు. ఇక ఏమీ లేదు.

బీబీకి అక్కడ ఒక ఇబ్బంది ఎదురైనది. చూచినది చూచినట్లు వ్రాసుకోవడం ఎట్లు? పైకి వచ్చేసరికి సగం మరపు, సగం ఊహ. కనుక జింకు రేకుమీద పెన్సిలుతో నీటి అడుగుననే వ్రాసే పద్ధతి అవలంబించినాడు. చిత్రలేఖనం కూడ నీటిలో జరిగినది. తైలవర్ణాలు నీటిలో కరగవు గదా! ఆయన సిబ్బందిలోని కళాకారులు కొందరు, తరువాతి సంవత్సరాలలో బెర్ముడాలో ఎల్సె బోస్టెల్మన్ అనే చిత్రకారిణితో సహా, శిరస్త్రాణం ధరించి సముద్రపు అడుగున పటం నిలబెట్టుకొని బొమ్మలు వేసినారు.

సొరచేపల భయం ఆయనకు లేకపోలేదు. కాని ఎన్నోమార్లు వాటి నడుమ నిలబడిన తరువాత వాటి క్రౌర్యాన్ని నావికులు పెంచి చెప్పినారనే అభిప్రాయానికి వచ్చినాడు. ఆ మాటను ఆయన అంత ధీమాగా అనకుండా ఉంటే బాగుండేది. అన్ని సొరలూ ఒక స్వభావంవి కావు. అయినా సముద్రంలో దిగినవానిని ఏదో ఒకటి మ్రింగివేస్తుందని నమ్మిన కాలంలో ఆ ధీమా మేలే చేసినది.

మరుసటి సంవత్సరం బీబీ, టీ-వాన్ ఇద్దరూ కలిసి పోర్ట్-ఓ-ప్రిన్స్ అఖాతపు చేపల పట్టిక ప్రకటించినారు. అందులో రెండువందలకు మించిన జాతులున్నవి. అదే 1928లో సామాన్య పాఠకుల కోసం బీబీ వ్రాసిన హెయిటీ గ్రంథం వెలువడినది. ప్రతివాడూ చచ్చేలోపల ఒక్కసారైనా శిరస్త్రాణం పెట్టుకొని దిబ్బమీద దిగి తీరవలెనని ఆయన పట్టుదల. శిరస్త్రాణం చేయించుకోవడం ధనికులకే చెల్లే పని కాదని, తోట వేసికొన్నంత సులభంగా నీటి అడుగున విహరించవచ్చునని వాదించేవాడు.

కాని దిబ్బ అంచున నిలిచి చూచినప్పుడు ఆయన దృష్టి క్రిందికి పోయేది. పగడపు గోడ నీలిమలోనికి జారి, నీలిమ నలుపులోనికి జారి కనుమరుగయ్యే చోటు అది. అరువది అడుగుల మనిషికి అది గుమ్మం. లోపలి ఇల్లు చూడలేదు. లోతునకు దిగే యంత్రం ఒకటి నిర్మిస్తానని ఆయన 1926లో పత్రికలలో ప్రకటించినాడు. ఆయన ఊహించినది స్తంభం ఆకారంలో ఉండే గది. అసలు స్నేహితుడైన థియొడోర్ రూజ్‌వెల్టు గోళాకారమే మేలని ఏనాడో అన్నాడని బీబీ తరువాత చెప్పుకొన్నాడు. రూజ్‌వెల్టు పక్షమే సరి. ఒత్తిడి నలువైపులనుండి సమానంగా పడినప్పుడు దానిని సమానంగా పంచుకోగలది గోళమే. స్తంభానికి చదునైన మూతలు ముందు వంగుతాయి.

ఆ ప్రకటన చదివి కుదేలైన యువకుడు ఒకడున్నాడు. ఓటిస్ బార్టన్ అతని పేరు. వయస్సు ఇరువది యేడు. తాతగారి ఆస్తి చేతికి వచ్చినవాడు, యంత్రశాస్త్రం చదువుతున్నవాడు. చిన్నతనంలోనే కొయ్యపెట్టెతో శిరస్త్రాణం చేసికొని మసచూసెట్సు తీరంలో నీటిలో దిగినవాడు. సముద్రపు లోతులు తానే మొదట చూడవలెనని కలలు కన్నవానికి, తనకంటె ఇరువది రెండేండ్లు పెద్దవాడైన సుప్రసిద్ధుడు ముందే బయలుదేరినాడని తెలిసినది. ఇక ఒకటే దారి. గోళం నమూనా గీయించుకొని బీబీకి జాబు వ్రాసినాడు. జవాబు లేదు. యంత్రాలు కనిపెట్టిన వెర్రివాళ్ళ జాబులు బీబీకి కుప్పలుగా వస్తున్న రోజులవి. చివరకు ఉభయులనూ ఎరిగిన మిత్రుని ద్వారా 1928 చివర కలుసుకొన్నారు. నమూనా చూచిన బీబీ వెంటనే ఒప్పుకొన్నాడు. గోళం ఖర్చు బార్టనుది. ఓడ, సిబ్బంది, మిగిలిన వ్యవహారం బీబీది. దిగేటప్పుడు ఇద్దరూ దిగవలెను.

గోళం పేరు బాతిస్ఫియర్. ఒకే పోతగా పోసిన ఉక్కు, మందం అంగుళంన్నర, అడ్డుకొలత నాలుగు అడుగుల తొమ్మిది అంగుళాలు, బరువు రెండు టన్నులకు పైన. మొదట పోసిన గోళం ఐదు టన్నులు తూగినది. ఎత్తే యంత్రాలు దానిని మోయలేవని కరిగించి మళ్ళీ పోసినారు. కిటికీలకు గాజు పనికిరాదు. మూడు అంగుళాల మందంగల కరగించిన స్ఫటికపు పలకలు అమర్చినారు. తలుపు బరువు 400 పౌనులు. దానిని బయటినుండి పది మరలతో బిగించవలెను. ద్వారం వెడల్పు 14 అంగుళాలు. ఇద్దరు పెద్దమనుషులు దానిలోనుండి బల్లులవలె ప్రాకి, లోపల మోకాళ్ళు ముడుచుకొని కూర్చుండవలెను. ఊపిరికి రెండు ఆక్సిజను సీసాలు. విడిచిన చెడుగాలిని పీల్చడానికి ఒక తట్టలో సోడా సున్నం, తేమను పీల్చడానికి ఒక తట్టలో కాల్షియం క్లోరైడు. ఆ గాలిని లోపల కదిలించడానికి వారు వాడినది తాటాకు విసనకర్ర! ఇరువదవ శతాబ్దపు ఉక్కుగోళంలో, మన అరుగుమీది విసనకర్ర.

బెర్ముడా దీవుల దగ్గర నాన్సచ్ అనే చిన్న దీవి వారి స్థావరం. 1930 జూన్ 6వ తేదీన మొదటిసారి మనుషులతో గోళం నీటిలో దిగినది. ఉక్కుతాడుతోబాటు విద్యుత్తు, టెలిఫోను తీగలు దిగుతున్నవి. ఓడమీద టెలిఫోను చెవికి ఆనించుకొని గ్లోరియా హాలిస్టర్ అనే శాస్త్రజ్ఞురాలు క్రిందినుండి వచ్చే ప్రతి మాటా వ్రాసుకొంటున్నది. మాట ఆగితే ప్రాణం పోయినదని అర్థం. కాబట్టి మౌనం నిషిద్ధం.

మూడువందల అడుగుల దగ్గర తలుపు క్రిందనుండి సన్నని నీటిచార కారడం బీబీ చూచినాడు. ఆ క్షణంలో పైకి లాగుమంటే ఎవరూ తప్పు పట్టరు. ఆయన ఆలోచించినది వేరు: లోతు పెరిగితే బయటి ఒత్తిడి తలుపును మరింత గట్టిగా అదుముతుంది. త్వరగా దింపుమని ఆజ్ఞ ఇచ్చినాడు. చార హెచ్చలేదు. ఆరువందల అడుగులు దాటినప్పుడు, అంతకంటె లోతుకు పోయి బ్రతికి వచ్చినవారు లేరన్న సంగతి ఇద్దరికీ గుర్తున్నది. ఎనిమిదివందల అడుగుల దగ్గర, కారణం తనకే తెలియని ఒక శంక కలిగి, బీబీ ఆపించినాడు. అయిదు దినాల తరువాత 1,426 అడుగులకు పోయినారు.

ఆ ప్రయాణాలలో ఆయనను అన్నిటికంటె ఆశ్చర్యపరచినది చేపలు కాదు, వెలుతురు. సూర్యకాంతిలోని ఎరుపును నీరు మొట్టమొదట మ్రింగివేస్తుంది. తరువాత నారింజ, పసుపు, పచ్చ. వెంట తీసికొని పోయిన పుస్తకంలో ఎర్రని రొయ్య చిత్రపటం ఒకటి ఉన్నది. కొద్ది లోతులోనే ఆ ఎర్రరొయ్య నల్లరొయ్య అయినది. ఎరుపు లేని చోట ఎర్రని జంతువు కనిపించదు. లోతులలో ఎర్రప్రాణులు అంత హెచ్చుగా ఎందుకున్నవో దానివలన బోధపడినది. ఇంకా దిగితే మిగిలినది నీలిమ ఒక్కటే. ఆ నీలికాంతిలో కంటికి అంతా స్పష్టంగా ఉన్నట్లు తోచేది కాని పుస్తకం చదువబోతే అక్షరం కనబడేది కాదు. సుమారు రెండువేల అడుగుల దిగువన అది కూడ లేదు. ప్రాణుల దీపాలే దీపాలు.

కొన్ని దినాలలో గోళాన్ని లోతుకు కాక పగడపు దిబ్బ వాలువెంబడి నడిపించేవారు. ఓడ మెల్లగా పోతూంటే గోళం గోడ ప్రక్కనే వ్రేలాడుతూ పోయేది. శిరస్త్రాణానికి అందని వాలును కంటితో చూచే ఉపాయం ఇది. ఎదురుగా పగడపు శిఖరం వస్తే టెలిఫోనులో చెప్పి లాగించుకోవలెను. ఆలస్యమైతే రెండు టన్నుల గోళం గుండుదెబ్బవలె కొట్టుకొంటుంది. అర్ధమైలు దిగడంకంటె ఈ పనే ఎక్కువ అపాయకరమని చెప్పవచ్చును. లోకం మాత్రం అడుగుల లెక్కనే మెచ్చుకొన్నది.

1932లో మనుషులు లేకుండా పరీక్షకు దింపిన గోళం నీటితో నిండి పైకి వచ్చినది. తలుపు నడిమి మరను విప్పబోతే, లోపలి ఒత్తిడికి అది ఫిరంగిగుండువలె ఎగిరి ఓడతట్టు దాటిపోయి, దూరాన ఉన్న ఉక్కుయంత్రానికి సొట్ట పెట్టినది. ఎవరికీ తగలకపోవడం అదృష్టం. ఆ లోతున గోళంలో మనుషులుండి ఉంటే వారి గతి ఏమి అయ్యేదో బీబీ దాచలేదు. పుస్తకంలో వివరంగా వ్రాసినాడు. అయినా అదే సంవత్సరం సెప్టెంబరు 22వ తేదీన ఇద్దరూ మళ్ళీ దిగినారు. ఆనాడు క్రిందినుండి బీబీ మాటలు రేడియోలో అమెరికా, ఇంగ్లండు దేశాలవారు విన్నారు. 2,200 అడుగులు. సముద్రం కల్లోలంగా ఉన్నది. ఆ ఇరుకు గోళంలో బార్టనుకు వాంతులైనవి. శ్రోతలకు ఆ సంగతి తెలియదు.

1934 ఆగస్టు 15వ తేదీన 3,028 అడుగులు దిగినారు. కిటికీమీద ప్రతి చదరపు అంగుళానికి ఆరువందల కిలోల ఒత్తిడి. చక్రంమీద తాడు చుట్లు పన్నెండో ఎన్నో మిగిలి ఉన్నవని పైనుండి కబురు వచ్చినది. కొద్ది నిమిషాలు చూచి పైకి వచ్చినారు. అంత లోతు దిగినవారు పదునైదేండ్లవరకు మరొకరు లేరు.

ఇద్దరు మనుషులు చావుకు అంగుళంన్నర దూరంలో మోకాలికి మోకాలు తగిలించుకొని గంటలకొద్ది కూర్చుంటే స్నేహం పెరుగవలెననుకొంటాము. ఇక్కడ అట్లు జరుగలేదు. గోళాన్ని ఊహించినవాడు, ధనం పెట్టినవాడు బార్టను. పత్రికలకు అది బీబీ గోళం. కిటికీలోనుండి చూచి వర్ణించేవాడు బీబీ. ప్రక్కన కూర్చుండి ఆక్సిజను కొలతలు చూచేవాడు బార్టను. బీబీకి బార్టను చిరాకు, అలసత్వం సహించరానివిగా ఉండేవి. బార్టనుకు శాస్త్రంకంటె చలనచిత్రాలపై మోజు హెచ్చు. 1938లో అతడు తీసిన చిత్రానికి బీబీ పేరు వాడుకొని ప్రచారం చేసినప్పుడు, దానితో తనకు సంబంధం లేదని బీబీ బహిరంగంగా చెప్పవలసి వచ్చినది. న్యాయంగా చూస్తే లోకం బార్టనుకు బాకీపడినది. ఆ కీర్తి కోసమే కాబోలు, అతడు 1949లో కొత్త గోళం చేయించి, కాలిఫోర్నియా తీరాన ఒంటరిగా 4,500 అడుగులు దిగినాడు.

బీబీకి తగిలిన దెబ్బ వేరు వైపునుండి వచ్చినది. కిటికీలోనుండి తాను చూచిన చేపలలో కొన్నిటికి ఆయన శాస్త్రీయ నామాలు పెట్టినాడు. రెండు వేల అడుగుల ప్రాంతంలో ఆరేసి అడుగుల పొడవుతో, ప్రక్కల దీపాల వరుసతో పోయిన జంట చేపలకు ఒక పేరు. ఒడలిమీద అయిదు వంపు గీతలుగా వెలుగుచుక్కలు పొదిగినట్లున్న గుండ్రని చేపకు మరొక పేరు. ఎల్సె బోస్టెల్మన్ ఆయన నోటివెంట వింటూ, దిద్దుతూ, వాటి బొమ్మలు గీసినది. అయితే శాస్త్రనియమం వేరు. పేరు పెట్టినవాడు నమూనా చూపవలెను. మరొకడు దానిని కోసి, కొలిచి, కాదనడానికి వీలుండవలెను. సీసాలో చేప లేనప్పుడు చూచినవాని మాట ఒక్కటే సాక్ష్యం. ఆ వెలుగుగీతలు చేపవి కాకపోవచ్చునని, ఊపిరితో మసకబారిన పలకగుండా చూచిన జెల్లిజాతి ప్రాణివి కావచ్చునని మత్స్యశాస్త్రజ్ఞుడు కార్ల్ హబ్స్ 1935లో సమీక్షలో సూచించినాడు. పట్టం లేని పండితుడన్న పాతమాటకు మళ్ళీ ప్రాణం వచ్చినది.

దీనిలో ఒక విషాదమున్నది. చచ్చిన చేప చాలదని సముద్రంలోనికి పోయిన మనిషిని, చచ్చిన చేప ఏదీ అని లోకం అడిగినది. అడిగినవారిది తప్పని అనలేము. ఆయన అబద్ధమాడినాడని కూడ అనలేము. ఆయన వర్ణించిన ఇతర ప్రాణులు, అవి వెలిగే తీరు, తరువాత దిగినవారికి చాలవరకు అట్లే కనిపించినవి. పేరు పెట్టడానికి తొందరపడినాడు, అంతే.

1934 తరువాత ఆయన మళ్ళీ గోళంలో దిగలేదు. దేశంలో ఆర్థికమాంద్యం, అంతటి ఖర్చుకు ధనమిచ్చేవారు లేరు. వయస్సు ఏబది యేడు దాటినది. శిరస్త్రాణంమీద ప్రేమ మాత్రం తగ్గలేదు. ఇతరులను దింపే ఉత్సాహమూ తగ్గలేదు. 1944లో ప్రకృతిశాస్త్ర రచనల సంకలనం ఒకటి కూర్చుతూ, అప్పటికి అంతగా పేరులేని రేచెల్ కార్సన్ వ్యాసాన్ని అందులో చేర్చినాడు. ఆమె సముద్రాన్ని గురించి పెద్ద గ్రంథం వ్రాయబోతున్నదని తెలిసినప్పుడు, నీటి అడుగు చూడకుండా వ్రాయడం తగదని పట్టుపట్టినాడు. ఆమె 1949లో ఫ్లారిడాలో శిరస్త్రాణం ధరించి దిగినది. నీరు కల్లోలంగా ఉండి చూచినది తక్కువే, అయినా చూచినది. రెండేండ్లకు వెలువడిన ఆమె గ్రంథం లోకప్రసిద్ధమైనది.

ఆయన చివరి సంవత్సరాలు ట్రినిడాడు దీవిలో గడచినవి. కొండవాలుమీద ఒక పాత ఇల్లు కొని పరిశోధనశాలగా మార్చినాడు. దాని పేరు మన సిమ్లా పేరే. అక్కడ సముద్రాన్ని వదలి, తొలిప్రేమలైన పక్షులకు, పురుగులకు మరలినాడు. 1962 జూన్ 4వ తేదీన అక్కడే మరణించినాడు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నగరంలో సమాధి చేసినారు. బార్టను మరి ముప్పది సంవత్సరాలు బ్రతికినాడు.

హెయిటీలో వారు చూచిన దుప్పికొమ్ము పగడపు తోపులు కరిబియన్ సముద్రమంతటా 1970ల చివరనుండి తెల్లమచ్చ తెగులు తగిలి కూలిపోయినవి. ఆ తరువాత వేడెక్కిన నీటిలో పగడపు పురుగులు తమ పాచిని వెళ్ళగొట్టి పాలిపోవడం మాటిమాటికి జరుగుతున్నది. 1927లో జింకు రేకుమీద పెన్సిలుతో వ్రాసిన దిబ్బ అంత దట్టంగా ఈనాడు అక్కడ దిగేవారికి కనిపించదు.

ఉక్కుగోళం న్యూయార్కు మత్స్యప్రదర్శనశాలకు చేరినది. దానికంటె ఎన్నోరెట్లు లోతుకు పోయే నౌకలు, మనిషి లేకుండా చిత్రాలు తీసే యంత్రాలు తరువాత ఎన్నో దిగినవి. అయిదు గీతల వెలుగుచేప మాత్రం ఇంతవరకు ఏ వలలోను పడలేదు, ఏ యంత్రపు కంటికీ చిక్కలేదు.